మంచు దారిలో మినీ ట్రాక్టరు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ 20 నుంచి 40 హెచ్‌పీ లోపు ట్రాక్టర్ల గురించే. మంచు తీయడం దగ్గర మొదలై, మంచు కరిగాక ఆ ట్రాక్టరుతోనే చేసుకునే పనుల దాకా అడిగారు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది 25 హెచ్‌పీ ట్రాక్టరు, ముందు లోడరు బకెట్ ఉంది. ఇంటి నుంచి రోడ్డు దాకా 150 మీటర్ల కంకర దారి. మంచు తీయడానికి బకెట్ ఒక్కటే చాలా? బ్లేడ్ కొనాలా, బ్లోయర్ కొనాలా?

జవాబు: ముందు లెక్క చూడండి. 150 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు అంటే 450 చదరపు మీటర్లు. 20 సెంటీమీటర్ల మంచు పడితే 90 ఘనపు మీటర్లు తీయాలి. కొత్తగా పడ్డ పొడి మంచు ఘనపు మీటరుకు 100 కిలోలు తూగిందనుకున్నా మొత్తం 9 టన్నులు. తడి మంచైతే ఘనపు మీటరు 300 కిలోలు సులువుగా దాటుతుంది, అంటే 27 టన్నుల పైమాటే. ఈ తరగతి ట్రాక్టరు బకెట్లో పట్టేది దాదాపు పావు ఘనపు మీటరు. మంచు బకెట్లో అణిగి సగమైపోయినా 180 సార్లు నింపి, ఎత్తి, తిరిగి, పోయాలి. కాబట్టి బకెట్‌ను గుట్టలు వెనక్కి నెట్టడానికి, గ్యారేజీ ముందు మూలలు తీయడానికి ఉంచుకోండి. దారంతా దానితోనే తీయాలనుకోవద్దు.

వెనుక త్రీ పాయింట్ లింకేజికి (పనిముట్టును పట్టి ఎత్తి దించే మూడు చేతుల అమరిక) తగిలించే బ్లేడ్ అన్నిటికన్నా చవక, చెడిపోయే భాగాలు కూడా తక్కువ. 30 డిగ్రీల వాలులో పెట్టుకుని ముందుకు నడిపితే మంచు ఒక పక్కకు జారిపోతుంది. 15 సెంటీమీటర్ల వరకు బాగా పనిచేస్తుంది. దీని బలహీనత చోటు. ప్రతిసారీ మంచు గట్టులా పేరుకుని, నడి చలికాలానికి 3 మీటర్ల దారి 2 మీటర్లకు వచ్చేస్తుంది. అప్పటికి ఆ గట్టు రాయిలా బిగుసుకుని ఉంటుంది, ఈ సైజు ట్రాక్టరు దాన్ని కదపలేదు. అందుకే బ్లేడ్ వాడేవాళ్ళు మొదటి మంచుకే దారి అంచు దాటి రెండు పక్కలా అర మీటరు చొప్పున అదనంగా తీసేయాలి. ఇంకో జాగ్రత్త: వెనుక బ్లేడ్‌తో రివర్సులో గట్టిగా నెట్టకండి. కింది లింకులు ఉన్నది లాగడానికి. నెట్టేటప్పుడు బ్లేడ్ రాయికి తగిలితే ముందుగా వంగేవి అవే.

బ్లోయరైతే మంచును పది మీటర్ల అవతలకు విసిరేస్తుంది, గట్టు కట్టనివ్వదు. ఇంజిన్ 25 హెచ్‌పీ అయితే పీటీఓ (ఇంజిన్ బలాన్ని పనిముట్టుకు అందించే తిరిగే షాఫ్టు) దగ్గర అందేది 18 నుంచి 20 హెచ్‌పీ. దానికి 1.2 నుంచి 1.4 మీటర్ల వెడల్పు బ్లోయర్ తగినది. కానీ వెనుక టైర్ల బయటి అంచుల మధ్య కొలత, అదీ చైన్లు వేసిన తరువాతి కొలత, బ్లోయర్ వెడల్పు కన్నా ఎక్కువ ఉండకూడదు. ఉంటే టైరు ప్రతి విడతా తీయని మంచు మీదికి ఎక్కుతుంది.

ముందు బిగించే బ్లోయర్ మెడకు సుఖం. అయితే దానికి ట్రాక్టరు మధ్యలో పీటీఓ ఉండాలి, చాలా మోడళ్ళలో లోడరు విప్పి పక్కన పెట్టాలి. వెనుక బ్లోయర్ 540 ఆర్‌పీఎం పీటీఓతో తిరుగుతుంది, లోడరు అలాగే ఉండనిస్తుంది, దాని 200–300 కిలోల బరువే లోడరుకు ఎదురు బరువుగా పనికొస్తుంది. రివర్సులో నడపడం ఒక్కటే కష్టం. మీ దారి పొడవుకు, చేతిలో ఇప్పటికే లోడరు ఉంది కాబట్టి, మా ఓటు వెనుక బ్లోయర్‌కే. మీ దగ్గర ఒక్క విడతలో 15 సెంటీమీటర్లు దాటడం అరుదై, దారికి రెండు పక్కలా ఖాళీ నేల ఉంటే మాత్రం బ్లేడ్‌తో సరిపెట్టుకోండి.

కొనేది ఏదైనా నేల గడ్డకట్టకముందే దారి అంచుల వెంట మీటరుకు పైగా ఎత్తున్న గుర్తు కర్రలు పాతండి. తరువాత పాతాలంటే నేలలో దిగవు. పాతకపోతే బ్లోయర్ నోట్లోకి పచ్చిక గడ్డలూ రాళ్ళూ వెళ్తాయి.

ప్రశ్న: నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్నా మా వాలు దారి మీద చక్రాలు తిరుగుతున్నాయే గానీ బండి ఎక్కడం లేదు. దిగేటప్పుడైతే జారిపోతోంది. ఇంకా పెద్ద ఇంజిన్ ఉన్న ట్రాక్టరు తీసుకోవాలా?

జవాబు: వద్దండి. చక్రాలు తిరుగుతున్నాయంటే ఇంజిన్ దగ్గర బలం మిగిలే ఉంది, టైరు కింద పట్టు లేదు. పెద్ద ఇంజిన్ పెడితే అవే చక్రాలు ఇంకా వేగంగా తిరుగుతాయి. మీకు కావలసింది వెనుక బరువు, చైన్లు.

ముందు లోడరు, వెనుక ఖాళీ లింకేజి ఉన్న ట్రాక్టరుకు బరువంతా ముందు ఇరుసు మీద ఉంటుంది. బకెట్ నిండగానే వెనుక చక్రాలు దాదాపు తేలిపోతాయి. సరిచేయడానికి రెండు మార్గాలు. ఒకటి, వెనుక టైర్లలో ద్రవం నింపడం. వాల్వును పైకి, గడియారంలో 12 అంకె ఉండే చోటికి తెచ్చి, ద్రవం వాల్వు మట్టానికి వచ్చేదాకా నింపితే టైరు 75 శాతం నిండినట్టు. మిగిలిన చోటు గాలికి వదిలేయాలి. ఉత్త నీళ్ళు గడ్డకట్టి టైరును పాడుచేస్తాయి కనుక పనికిరావు. కాల్షియం క్లోరైడ్ ద్రావణం లీటరు దాదాపు 1.3 కిలోలు తూగుతుంది, గట్టి చలికీ గడ్డకట్టదు. కానీ ట్యూబు లేకుండా పోస్తే రిమ్మును తినేస్తుంది. బీట్ రసంతో చేసిన ద్రవం అంతే బరువు, తుప్పు బెడద లేదు. కారు అద్దాలు కడిగే చలికాలపు ద్రవం చవకే కానీ నీళ్ళ కన్నా తేలిక. ఒక్కో టైరుకు 100 లీటర్లు పట్టిందనుకుంటే, కాల్షియం క్లోరైడ్‌తో మొత్తం 260 కిలోలు చక్రాల్లోనే, నేలకు దగ్గరగా చేరతాయి. రెండో మార్గం, లింకేజికి 200–300 కిలోల బరువు పెట్టె తగిలించడం. లోడరు పనికి ఇదే ఎక్కువ మేలు, ఎందుకంటే వెనుక ఇరుసుకూ అవతల వేలాడే బరువు ముందు ఇరుసు మీది భారాన్ని కూడా తగ్గిస్తుంది. మీ ట్రాక్టరు పుస్తకంలో రాసిన పరిమితి దాటకండి.

తరువాత చైన్లు. నిచ్చెన మెట్లలా అడ్డ గొలుసులుండే రకం, పెద్ద మెట్ల టైరు మీద ఆ మెట్ల సందుల్లోకి దిగిపోయి నిరుపయోగమవుతుంది. పైగా వాలులో పక్కకు జారడాన్ని ఆపదు. వజ్రం ఆకారపు అల్లిక ఉన్న చైన్లు తీసుకోండి. వేసేముందు టైరుకూ మడ్‌గార్డుకూ, టైరుకూ లింకేజి గొలుసులకూ మధ్య సందు కొలవండి. 5 సెంటీమీటర్లు లేకపోతే చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్లు కావాలి. బిగించాక కొన్ని వందల మీటర్లు నడిపి, ఆపి, మళ్ళీ బిగించండి. మొదటి బిగింపు ఎప్పుడూ వదులవుతుంది. ముందు చక్రాలకూ వేస్తే స్టీరింగు మాట వింటుంది, అయితే చక్రాన్ని పూర్తిగా తిప్పి లోడరు ఫ్రేముకు తగలడం లేదని చూసుకోవాలి. ముందు వాటికే వేసి వెనుక వాటిని వదిలేయడం ప్రమాదం. దిగేటప్పుడు వెనుక భాగం పక్కకు తిరిగిపోతుంది.

దిగేటప్పుడు జారడం గురించి అడిగారు కదా, ఇది చాలామందికి తెలియక దెబ్బతినే చోటు. ఈ ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. నాలుగు చక్రాల డ్రైవ్ వేసి ఉంచితేనే ఆ పట్టు ముందు చక్రాలకూ అందుతుంది. కాబట్టి వాలు దిగేముందు, పైన సమనేల మీదే, నాలుగు చక్రాల డ్రైవ్ వేసి, లో రేంజిలో పెట్టి, రెండు బ్రేకు పెడళ్ళను కలిపే కొండి వేసి దిగండి. మధ్యలో గేరు న్యూట్రల్‌కు తేవద్దు. బకెట్ మోకాలి ఎత్తు దాటకూడదు. డిఫరెన్షియల్ లాక్ (రెండు వెనుక చక్రాలనూ కలిపి తిప్పేది) నేరుగా వెళ్ళేటప్పుడే, చక్రం తిరగడం మొదలవకముందే తొక్కాలి, మలుపుకు ముందు వదలాలి. గ్యారేజీ తలుపు కోసం రోల్ బార్ (బండి తిరగబడితే నడిపేవారిని కాపాడే ఇనుప కమ్మీ) మడిచి ఉంటే, బయటికి రాగానే నిలబెట్టి పిన్ను వేసి సీటు బెల్టు పెట్టుకోండి. రోల్ బార్ మడిచి ఉన్నప్పుడు మాత్రం బెల్టు వద్దు.

ప్రశ్న: కొత్త బ్లోయర్ షియర్ బోల్టులు వారానికి రెండు మూడు తెగుతున్నాయి. గట్టి బోల్టు వేస్తే సరిపోతుందని ఒకరు చెప్పారు. తడి మంచు పడిన రోజున మంచును విసిరే గొట్టం కూడా పూడుకుపోతోంది.

జవాబు: గట్టి బోల్టు వేయకండి, దయచేసి. షియర్ బోల్టు తెగడానికే ఉంది. అది తెగకపోతే విరిగేది గేర్ బాక్స్. పుస్తకంలో చెప్పిన సైజు, చెప్పిన గ్రేడే వాడాలి. అర డజను బోల్టులూ నట్లూ, వాటికి సరిపడే రెండు స్పానర్లూ ట్రాక్టరు పెట్టెలోనే ఉంచుకోండి.

ఇన్నిసార్లు తెగడానికి మామూలుగా మూడు కారణాలు. రోడ్డు మీద మంచు తీసే బండి మీ దారి మొదట్లో వదిలి వెళ్ళే గట్టు మొదటిది. అది ఉప్పూ మంచుగడ్డలూ కలిసి గట్టిపడి ఉంటుంది. దాన్ని లోడరు బకెట్‌తో పగలగొట్టాకే బ్లోయర్ పెట్టండి. రెండోది, ఇంజిన్ వేగం మీద ఉండగా పీటీఓ వేయడం. ఇంజిన్‌ను తగ్గించి వేసి, రెక్కలు తిరగడం మొదలయ్యాక 540 దాకా పెంచాలి. రాత్రంతా బయట ఉన్న బ్లోయర్‌లో రెక్కలు పెట్టెకు అతుక్కుపోయి ఉండొచ్చు, ఇంజిన్ వేయకముందే కర్రతో కదిపి చూడండి. మూడోది, బోల్టు వదులుగా ఉండి రంధ్రం అరిగి కోలగా మారడం.

దీనికి పూర్తి తలకిందుల ఇబ్బంది ఇంకొకటి ఉంది, అది కనపడదు కనుక ఎక్కువ చేటు. రెండు మూడేళ్ళు బోల్టు అసలు తెగకపోతే సంతోషించకండి. మంచును లోపలికి లాగే స్క్రూ, దాని లోపలి షాఫ్టుకు తుప్పుతో అతుక్కుపోయి ఉండొచ్చు. అప్పుడు రాయి తగిలితే బోల్టుతో పని లేకుండా దెబ్బ నేరుగా గేర్ బాక్స్‌కు వెళ్తుంది. ప్రతి ఏడూ చలికి ముందు బోల్టు తీసేసి, స్క్రూను చేత్తో తిప్పి అది షాఫ్టు మీద విడిగా తిరుగుతోందో లేదో చూసి, గ్రీజు ఎక్కించే నిపుల్స్ దగ్గర గ్రీజు కొట్టండి.

ఇక గొట్టం పూడుకోవడం. తడి మంచుకు వేగమే మందు. పీటీఓ 540కి తగ్గకుండా ఉంచి, బండి నడకను మాత్రం తగ్గించండి. హైడ్రోస్టాటిక్ ట్రాక్టరుకు (గేర్లు మార్చకుండా నూనె ఒత్తిడితో నడిచేది) ఇది తేలిక, గేర్ల ట్రాక్టరైతే అన్నిటికన్నా కింది గేరు. బరువు పడింది కదా అని ఇంజిన్ వేగం తగ్గిస్తే విసురు తగ్గి వెంటనే పూడుకుంటుంది. అలాగని మరీ నెమ్మదిగా నడిపి, నోరు సగమే నిండేలా పలచగా తినిపించినా తడి మంచు గోడలకు అంటుకుంటుంది, నిండుగా తినిపిస్తే వెనుకది ముందుదాన్ని తోసేస్తుంది. గొట్టం లోపల శుభ్రంగా తుడిచి మైనం గానీ సిలికాన్ స్ప్రే గానీ పట్టించండి. విసిరే రెక్కకూ పెట్టె గోడకూ మధ్య సందు 6 మిల్లీమీటర్లు దాటితే రెక్కల చివర రబ్బరు పట్టీలు బిగించుకోవచ్చు.

పూడిక తీసేటప్పుడు పీటీఓ ఆపి, ఇంజిన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, అన్నీ నిలిచాక కర్రతోనే తీయండి. ఇంజిన్ ఆగి ఉన్నా అడ్డు తొలగగానే రెక్క ఒక్కసారి కదలొచ్చు. చెయ్యి ఎప్పుడూ పెట్టొద్దు.

ప్రశ్న: మైనస్ 18 డిగ్రీల సెల్సియస్‌లో ట్రాక్టరు స్టార్టవుతోంది, పది నిమిషాలు నడిచి ఆగిపోతోంది. తరువాత ఎంత తిప్పినా రాదు.

జవాబు: ఇది డీజిల్‌లోని మైనం పని. చలికాలపు డీజిల్ కాకపోతే సున్నా దగ్గర నుంచే మైనం పలుకులు కట్టొచ్చు. అవి ముందు మూసేది ఫిల్టరును. పైపుల్లో ఉన్న డీజిల్‌తో ఇంజిన్ మొదలవుతుంది, ఫిల్టరు మూసుకోగానే ఆగుతుంది. బండిని వెచ్చని చోటికి చేర్చి, ఫిల్టరు మార్చి, కింది గిన్నెలో నీళ్ళుంటే వదిలేయండి. గడ్డకట్టనివ్వని మందు గడ్డకట్టాక పోస్తే లాభం లేదు, డీజిల్ ద్రవంగా ఉన్నప్పుడే కలపాలి. వేసవిలో నింపిన డీజిల్ శరదృతువులోనే ఖాళీ అయ్యేలా వాడి, చలికాలపు డీజిల్‌తో నింపుకుంటే ఈ ఇబ్బందే రాదు. పెట్రోలు కలపొద్దు. గ్లో ప్లగ్గులు (స్టార్ట్ చేసేముందు ఇంజిన్ లోపల వేడెక్కేవి) ఉన్న ఇంజిన్‌లోకి ఈథర్ స్ప్రే కొట్టొద్దు, లోపలే పేలి పిస్టన్లు పగులుతాయి.

స్టార్ట్ అవడం కూడా బరువైతే బ్యాటరీ చూడండి. మైనస్ 18లో లెడ్ బ్యాటరీ మామూలు శక్తిలో దాదాపు సగమే ఇస్తుంది. చార్జి అయిపోయిన బ్యాటరీ మైనస్ 7 దగ్గరే గడ్డకట్టి పగలొచ్చు. ఇంజిన్ బ్లాకు హీటరు పని మొదలుపెట్టే ముందు రెండు నుంచి నాలుగు గంటలు ఉంటే చాలు, రాత్రంతా అక్కర్లేదు. స్టార్టయ్యాక పది నిమిషాలు ఓ మోస్తరు వేగంలో వదలండి. హైడ్రోస్టాటిక్ నూనె తేనెలా చిక్కబడి ఉంటుంది, అప్పుడే తొక్కితే పంపు మూలుగుతుంది. ఈ వెచ్చబెట్టడం మాత్రం మూసిన గ్యారేజీలో వద్దు. తలుపు తెరిచినా చాలదు, బండి బయటికి తెచ్చాకే.

ప్రశ్న: మంచుతో పాటు కంకరంతా పచ్చికలోకి వెళ్ళిపోయింది. వసంతంలో దారి గుంతలతో మిగిలింది. ఎలా సరిచేయాలి?

జవాబు: ముందు వచ్చే ఏటి సంగతి. తొలి మంచును గీరకండి. ట్రాక్టరుతో తొక్కి 5 సెంటీమీటర్ల గట్టి పొరగా మార్చి, దాని పైన పడ్డదే తీయండి. బ్లోయర్ కింది స్కిడ్ షూలను (దాని అంచు నేలకు తగలకుండా ఎత్తి పట్టే జారుడు పాదాలు) కంకర మీద 25 మిల్లీమీటర్లకు పైన దించి పెట్టాలి, తారు దారికి 5 చాలు. వెనుక బ్లేడైతే వెనక్కి తిప్పి, ఉబ్బెత్తు వైపు ముందుకు పెట్టి లాగితే కోయకుండా జారుతుంది. లేదా 5 సెంటీమీటర్ల ఇనుప గొట్టాన్ని పొడవునా చీల్చి బ్లేడ్ అంచుకు తొడిగి బోల్టు వేయండి. ఇంత చవకైన ఉపాయం ఇంకొకటి లేదు.

గుంతలకు బాక్స్ బ్లేడ్, అంటే నేలను చీల్చే పళ్ళున్న పెట్టె ఆకారపు బ్లేడ్. నేల చెమ్మగా ఉన్నప్పుడు, బురదగా కాదు, పని మొదలుపెట్టండి. టాప్ లింక్ (లింకేజిలో పైనుండే చెయ్యి) పొట్టి చేస్తే పెట్టె ముందుకు వంగి పళ్ళు దిగుతాయి, పొడుగు చేస్తే వెనుక అంచు ఆని పరుస్తుంది. గుంతలో కంకర పోసి నింపితే నెలలో మళ్ళీ వస్తుంది, ఎందుకంటే అడుగు గట్టిగా బిగుసుకుని నీళ్ళు నిలిచే గిన్నెలా ఉంటుంది. గుంత అడుగు దాకా పళ్ళతో చీల్చి, ఆ తరువాతే పరచాలి. చివరి విడతల్లో మధ్య ఎత్తు, పక్కలు పల్లం చేయండి. 4 శాతం వాలు చాలు. 3 మీటర్ల దారికి నడుమ 6 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది.

ప్రశ్న: కొత్త పనిముట్టుతో వచ్చిన పీటీఓ షాఫ్టు పొడుగ్గా ఉంది. కోయవచ్చా?

జవాబు: కోయాలి. పొడుగు షాఫ్టును బలవంతంగా ఇరికిస్తే లింకేజి ఎత్తినప్పుడు అది ట్రాక్టరు పీటీఓ బేరింగునూ పనిముట్టు గేర్ బాక్స్‌నూ నెడుతుంది. షాఫ్టు రెండు సగాలను విడదీసి చెరో చివర తగిలించి, పనిముట్టును పూర్తిగా కిందికీ పైకీ ఆడించి, రెండు చివరలూ అతి దగ్గరైన ఎత్తు ఎక్కడో కనుక్కోండి. అక్కడ 25 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. అతి దూరమైన ఎత్తులో గొట్టాలు కనీసం మూడో వంతు ఒకదానిలో ఒకటి ఉండాలి. లోపలి గొట్టం, బయటి గొట్టం, రెండు ప్లాస్టిక్ తొడుగులు, నాలుగూ ఒకే కొలత కోసి, కోసిన అంచులను ఆకురాయితో నున్నగా చేసి, గ్రీజు పట్టించండి. తొడుగు లేకుండా షాఫ్టు తిప్పొద్దు.

ప్రశ్న: చలికాలమంతా మూలన ఉన్న గడ్డి కోసే రోటరీ కట్టరు, మొదటి రోజే చిన్న మొద్దు తగలగానే గేర్ బాక్స్ పగిలింది. స్లిప్ క్లచ్ ఉంది కదా, ఎందుకు కాపాడలేదు?

జవాబు: దెబ్బ తగిలినప్పుడు జారి గేర్ బాక్స్‌ను కాపాడాల్సిన క్లచ్ పలకలు చెమ్మకు తుప్పు పట్టి ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి. జారాల్సినవి జారలేదు. కొత్త గేర్ బాక్స్ బిగించాక, ప్రతి ఏడూ మొదట ఇలా చేయండి: స్ప్రింగు బోల్టులన్నిటినీ సమానంగా రెండు చుట్లు వదులు చేయండి, పలకల అంచు మీదుగా సుద్దతో ఒక గీత గీయండి, ఇంజిన్ నిదానంగా ఉంచి పీటీఓను రెండు మూడు సెకన్లు వేసి ఆపండి. అన్నీ ఆగాక చూస్తే గీత చెదిరి ఉండాలి. చెదరకపోతే పలకలు విప్పి శుభ్రం చేయక తప్పదు. చెదిరితే స్ప్రింగులను పుస్తకంలో రాసిన పొడవుకు తిరిగి బిగించండి.

ప్రశ్న: తీసిన మంచు ఎక్కడ పోయాలి? నున్నటి మంచుగడ్డకు ఉప్పు వేయవచ్చా?

జవాబు: ఇంటికన్నా పల్లం వైపు పోయండి, కరిగిన నీళ్ళు పునాదికి రాకూడదు. రోడ్డు కలిసే చోట గుట్ట వేస్తే వచ్చే బండి కనపడదు. సెప్టిక్ ట్యాంకు నీళ్ళు ఇంకే నేల మీద ట్రాక్టరు నడపకండి. వదులు మంచు దుప్పటిలా నేలను కాస్తుంది, తొక్కితే ఆ కాపు పోయి చలి లోతుకు దిగి పైపులు గడ్డకడతాయి.

మామూలు ఉప్పు మైనస్ 9 దాటాక దాదాపు పనిచేయదు, అంతకు మించిన చలికి కాల్షియం క్లోరైడ్ కావాలి. కంకర దారికి ఉప్పు వద్దు, కరిగి బురదవుతుంది. ముతక ఇసుక చల్లితే చాలు. ఏడాది నిండని కాంక్రీటుకూ అంతే. ఉప్పు మీద తిరిగిన ట్రాక్టరును వెచ్చని రోజు చూసి కింది నుంచి కడిగి, కడిగిన వెంటనే అన్ని నిపుల్స్‌కూ గ్రీజు కొట్టండి. చైన్లు విప్పి ఆరబెట్టి, నూనె తుడిచి వేలాడదీయండి.